ఊ కొట్టినంతసేపూ

దయచేసి ఈ కథకి ఎవరూ ఊ కొట్టకండి. ఊరికే చదవండి, నచ్చకపోతే పక్కన పడేయండి. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు ముందు ఒళ్లు జలదరిస్తుంది, ఆ వెనకే ఎక్కడలేని నీరసం వస్తుంది. నలభై ఏడేళ్లదాన్ని, ఇరవై రెండేళ్లు కంప్యూటర్ల లోపలి తాళాలతో కాపురం చేసినదాన్ని. ఒక్క అక్షరానికి ఇలా బెదిరిపోతావని అప్పట్లో ఎవరైనా అంటే నవ్వి ఉండేదాన్ని.

నా వల్ల ఒక మనిషికి మాట వినడం పోయింది. చెవులు బాగానే ఉన్నాయి. చెవి డాక్టరు పరీక్ష చేసి నిక్షేపంలా ఉన్నాయని కాగితం కూడా ఇచ్చాడు. వినడమే పోయింది. ఆమె పేరు పైడితల్లి.

నా పేరు సుభాషిణి. విశాఖపట్నంలో ఆసుపత్రి యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసేదాన్ని. ఊపిరి తీసుకోలేని ఇరవై నలుగురు పడుకున్న వార్డులో, వాళ్లకి ఊపిరి పోసే యంత్రాలన్నిటికీ కలిపి ఒకే మెదడు. అదీ మా సరుకు. ఎవరికి ఎంత ఆక్సిజన్ కావాలో అదే చూసుకుని అదే సర్దుతుంది. ఆ మెదడుకి అడుగున ఉండే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. దాన్ని లెక్కలు చేసే ఎనిమిది చిప్పులు, అంటే ప్రాసెసర్లు, ఒకేసారి నడుపుతూ, అవే పట్టికల మీద చేతులు పెడుతుంటాయి. ఒకరి చెయ్యి ఉండగా ఇంకొకరి చెయ్యి పడితే లెక్క తారుమారవుతుంది. అందుకని ప్రతి పట్టికకీ ఒక తాళం ఉంటుంది. తాళం పట్టుకున్నవాడు వదిలేదాకా మిగతావాళ్లు ఆగాలి. ఆ తాళాలను హింసపెట్టడం నా ఉద్యోగం. లక్షలసార్లు లాగి, తోసి, అందరినీ ఒకేసారి ఎగబడేలా చేసి, ఎక్కడ బిగుసుకుపోతాయో కనిపెట్టాలి.

బిగుసుకుపోవడం అంటే ఏమిటో పైడితల్లికి క్యాంటీన్‌లో చెప్పాను. ఆమె మా పరీక్షల గదిలో టెక్నీషియన్. భీమిలి పక్క పల్లె మనిషి, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది, నలభై ఇంకా నిండలేదు. మా ఇద్దరి మధ్యా పప్పుచారు గిన్నె ఉంది.

"గిన్నె నీ దగ్గరుంది, గరిటె నా దగ్గరుంది. గరిటె ఇస్తేగానీ గిన్నె వదలనని నువ్వు, గిన్నె ఇస్తేగానీ గరిటె వదలనని నేను. అప్పుడేమవుతుంది?"

"ఏటవుద్ది మేడమ్ గారూ, ఇద్దరం ఆకలితో సస్తాం," అని గిన్నె నావైపు తోసేసింది. "నాకంత పంతం నేదు. ముందు మీరేసుకోండి."

మనుషులు కాబట్టి తోసేస్తారు. ప్రాసెసర్లు అలా తొయ్యవు, ఎవరైనా వచ్చి కరెంటు తీసి మళ్లీ పెట్టేదాకా ఒకదాని మొహం ఒకటి చూసుకుంటూ నిలబడతాయి. అదీ ఎప్పుడో ఒకసారి, సెకనులో లక్షో వంతు తేడాతో ఇద్దరూ ఒకేసారి చేతులు చాపితేనే జరుగుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు అది కనపడాలి గదా. సెకనుకి రెండు లక్షల తాళాలు పడిలేస్తుంటే తెరమీద ఎవరు చూడగలరు? నా ముందువాళ్లు రంగురంగుల గీతలు గీశారు, నేనూ గీశాను. నాలుగేళ్లు గీసి, కళ్లజోడు నంబరు రెండుసార్లు మార్పించుకున్నాక, కళ్లను వదిలేసి చెవుల మీద పడ్డాను. మన భాషలో బీరువాకి వేసేదీ తాళమే, పాటకి వేసేదీ తాళమే. ఒక్కో తాళానికి ఒక్కో దెబ్బ పెట్టాను. పట్టుకుంటే గట్టి దెబ్బ, వదిలితే మెత్తనిది. లక్షల దెబ్బలను నలిపి, కుదించి, రెండు మూడు సెకన్ల ముక్కలు చేసి, చెవిలో పోసే పరికరం ఒకటి తయారుచేశాను. మొదట రేకుల మీద వాన పడుతున్నట్టే ఉంటుంది. వినగా వినగా అందులో ఒక నడక తెలుస్తుంది. నాకు ఆ నడక తెలియడానికి మూడు వారాలు పట్టింది. పైడితల్లికి మూడు రోజులు.

మూడోనాడు నేను గదిలోకి వెళ్లేసరికి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఊఁ... ఊఁ..." అంటోంది.

"ఎవరితోనమ్మా కబుర్లు?" అన్నాను.

ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. "ఓలమ్మ! నాను ఊ కొడతన్నానా? మా మామ్మ కత సెప్పినప్పుడు ఊ కొట్టకపోతే ఆపేసీది మేడమ్ గారూ. నిద్దరోయేవేటే గుంటా అని లేచి ఎల్లిపోయీది. ఇదీ అలగే సెప్తంది గదా, నోరు ఊరుకోటం నేదు."

నాకు ముద్దొచ్చింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నేను ఊరుకునే రకం కాదు. ఒక ముక్క పూర్తిగా వినకుండానే రెండోది వచ్చి పడుతోందని అంతకుముందు అందరూ గొణుగుతున్నారు. అలాంటప్పుడు వినేవాళ్లు ఊ కొట్టాకే తరవాతి ముక్క చెబితే పోలేదా? ఎదురుగా ఒక మైకు పెట్టి, ఊఁ వినపడితేనే పరికరం ముందుకు కదిలేలా రాశాను. ఇంత తెలుగు పరికరం ప్రపంచంలో ఇంకోటి లేదని టీ తాగుతూ నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

తుది పరీక్ష డెబ్బై రెండు గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున తొమ్మిది రోజులు పైడితల్లి కూర్చుంది. ఎంత ఎగబడేలా చేసినా కెర్నెల్ ఒక్కసారీ బిగుసుకోలేదు. సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాను. నగరంలో ఒక పెద్దాసుపత్రి వార్డులో ఇరవై నాలుగు మంచాలకీ మా మెదడు తగిలించారు.

పదకొండో రోజు పొద్దున్న, డాక్టర్లు రౌండ్లకి వచ్చి మంచం మంచానికీ మార్పులు నొక్కుతున్న వేళ, ఇరవై నాలుగు యంత్రాలూ ఒక్కసారి ఆగిపోయాయి. కరెంటు తీసి పెట్టి మళ్లీ లేపేసరికి నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లూ నర్సులు, ఆయాలు, చూడటానికి వచ్చిన చుట్టాలతో సహా, చేతికందిన రబ్బరు సంచులు పిసికి ఊపిరి పోశారు. ఎవరూ పోలేదు. పోలేదన్న మాట పట్టుకుని మేం చాలా రోజులు బతికాం.

ల్యాబులో అదే వార్డును, అదే రౌండ్లను మళ్లీ సృష్టించాను. పైడితల్లి కూర్చుంది. ఆరు గంటలు గడిచినా ఏమీ జరగలేదు. ఆమె అన్నానికి వెళ్లింది. హెడ్‌ఫోన్లూ మైకూ పీకేసి, పరికరం లేకుండా ఊరికే నడవనిచ్చాను. పదిహేడో నిమిషంలో బిగుసుకుంది. ఆమె వచ్చి కూర్చుంటే మళ్లీ ఏమీ లేదు. లేచి వెళ్తే అరగంటలో బిగుసుకుంది.

"నానుంటే బుద్దిగా ఉంటంది మేడమ్ గారూ, ఎల్తే అల్లరి సేస్తంది," అని నవ్వింది పైడితల్లి. నాకు నవ్వు రాలేదు. మూడు రోజులు నేను రాసిందంతా మొదటినుంచీ చదివాను. మూడోరోజు మధ్యాహ్నం దొరికింది. ఊఁ వినపడేదాకా తరవాతి ముక్కను ఆపాలంటే, డాక్టర్లు నొక్కే మార్పులనూ అంతసేపు ఆపాలి. నా పరికరం ఆ పనే చేస్తోంది, నాకు తెలియకుండా. మార్పులన్నీ గుమ్మం బయట నిలబడి, ఊఁ అనగానే లోపలికి వెళ్తున్నాయి. ఎగబడేవాళ్లను నేనే వరసలో నిలబెట్టి, చూశారా ఎంత బుద్ధిగా ఉన్నారో అని సంతకం పెట్టాను. తాళాలను పరీక్షించే పరికరంలో నేనే ఒక తాళం వేశాను, దాని చెవి పైడితల్లి నోట్లో ఉంది.

ఆ సాయంత్రమే మా డైరెక్టరు పట్నాయక్ గారికి చెప్పాను. యాభై ఎనిమిదేళ్ల పెద్దమనిషి, గొంతు పెంచి ఎరగడు.

"దిద్దడానికి ఎంత పడుతుందమ్మా?" అన్నాడు.

"దిద్దడానికేముంది సార్, రెండు తాళాలు ఏ వరసలో తీసుకోవాలో తిరగరాస్తే చాలు. ఒక్క వాక్యం. కానీ కెర్నెల్లో ఒక్క వాక్యం మారినా సర్టిఫికెట్ మళ్లీ తెచ్చుకోవాలి. అయిదు నెలలు. అంతదాకా మంచాల నుంచి మన మెదడు తీసెయ్యాలి. పాతది ఎలా పాసయిందని అడుగుతారు, అదీ రాసివ్వాలి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "తీసేస్తే ఆ ఇరవై నలుగురినీ ఎక్కడ పెడతారు? చుట్టుపక్కల ఎక్కడా మంచం ఖాళీ లేదు. ఒక పని చెయ్యి. వార్డు నుంచి లైను మనకి లాగుదాం. రౌండ్ల వేళకి ఆ అమ్మాయిని కూర్చోబెట్టు. పదిరోజుల్లో ఏదో ఒక దారి చూద్దాం."

పదిరోజుల్లో ఏ దారీ దొరకదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను సరేనన్నాను. రోగుల కోసమే అన్నానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం నా సంతకం.

అలా పైడితల్లి పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వార్డుకి ఊ కొట్టడం మొదలుపెట్టింది. మిగతా వేళల్లో మార్పులు ఒక్కొక్కటే చెయ్యమని నర్సులకి చెప్పారు, రౌండ్ల రద్దీలో అలా కుదరదు. ఆదివారం కూడా సెలవు లేదు, మనిషి ఊపిరికి ఆదివారం ఉండదు గదా.

ఆమెను ఆ కుర్చీలోంచి లేపడానికి నేను ప్రయత్నించలేదనకండి. మొదట ఆమె ఊఁ ని రికార్డు చేసి ల్యాబులో నడిపాను. ఇరవై నిమిషాలకి బిగుసుకుంది. మూడేసి సెకన్లకి ఒకసారి దానంతట అదే పలికేలా పెడితే పావుగంటకి. ఎప్పుడుపడితే అప్పుడు పలికేలా పెడితే రెండు గంటలు నడిచి, అదీ పోయింది. నేనే కూర్చున్నాను. నాకు ఊ కొట్టడం రాకపోవడమేమిటి? మా అక్క ఫోన్లో గంటసేపు ఇంటి సంగతులు చెబుతుంటే మెయిళ్లు చూసుకుంటూ చక్కగా ఊ కొడతాను. సరిగ్గా అలాగే కొట్టాను, నలభై నిమిషాల్లో పోయింది. పట్నాయక్ గారు కూర్చుంటే గంట.

తరవాత ఆమె ఊఁ అన్న క్షణాలన్నీ తీసి, కెర్నెల్ నడక పక్కన పెట్టి చూశాను. అప్పుడు అర్థమైంది. కథ వినేవాడు వాక్యం అయిపోయాక ఊఁ అనడు, అయిపోబోతుండగా అంటాడు. ఎనిమిది ప్రాసెసర్ల రొదలో అన్నీ కాస్త చేతులు దించే సందు ఒకటి వస్తుంది. అది వచ్చి వెళ్లాక ఏ ప్రోగ్రామైనా చెప్పగలదు. రాబోతోందని పైడితల్లి ఒక్కతే చెబుతోంది, ప్రతిసారీ, అరసెకను ముందు. ఆ సందులో తలుపు తెరుచుకుంటోంది గనక ఎవరూ గుద్దుకోవడం లేదు. అది ఎలా తెలుస్తోందని అడిగాను.

"తెలీటానికేటుంది మేడమ్ గారూ, కత ఆగీసోట గొంతు దిగుద్ది గదా."

ఏ గొంతు, ఎక్కడ దిగుతోంది? నాలుగు నెలలు వినీ నాకు తెలియలేదు. ఇది పెద్ద సంగతని, దీనిమీద పరిశోధన పేపరు రాయవచ్చని కూడా ఒక పూట అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా అనిపించింది.

పదిరోజులు మూడు వారాలయ్యాయి, మూడు వారాలు ఆరయ్యాయి. ఆమె కూర్చున్నంతసేపూ వార్డు నిక్షేపంగా నడుస్తోంది. నడుస్తున్న బండి గురించి ఎవరు మాట్లాడతారు? పట్నాయక్ గారు అడగడం మానేశాడు, నేను గుర్తుచెయ్యడం మానేశాను. ఒకరు కదిలిస్తేగానీ ఇంకొకరు కదలరు.

అయిదో వారంలో పైడితల్లి మొగుడు గౌరునాయుడు, హార్బరు ఐసు ఫ్యాక్టరీలో పనివాడు, ఆమె మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. గేటు దగ్గర నేను కనపడితే నవ్వుతూ నమస్కారం పెట్టాడు.

"మా దాన్ని బాగా మార్చేసినారండి. ఇంతకుముందు నానొకటంటే అది పదనీది. ఇప్పుడేటి సెప్పినా ఊఁ అంటంది. మొదట్లో బాగానే ఉందనుకున్నానండి." ఆ తరవాత ఏదో అనబోయి, క్యారేజీ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ఎనిమిదో వారంలో ఆసుపత్రివాళ్లు రౌండ్లను అరగంట ముందుకి జరిపారు. "రేపటినుంచి ఏడున్నరకల్లా కూర్చోవాలి, గుర్తుందా?" అని పైడితల్లికి చెప్పాను. ఊఁ అంది. మర్నాడు ఎనిమిదికి వచ్చింది. ఆ అరగంటా ఇరవై నలుగురి ఊపిరీ ఆమె ఊఁ లేకుండానే నడిచింది. నేను మైకు ముందు కూర్చుని, చెమటలు కక్కుకుంటూ నా పనికిమాలిన ఊఁ కొట్టాను. ఏ దేవుడి దయో, బిగుసుకోలేదు. ఆమె రాగానే గడియారం చూపిస్తూ మీద పడ్డాను.

"చెప్పాను కదటమ్మా! ఊఁ అన్నావు కదా!"

"నాకు సెప్పలేదు మేడమ్ గారూ." మొహం పాలిపోయింది. "సెప్పేరా? నిజంగా సెప్పేరా?"

పదకొండుకి హెడ్‌ఫోన్లు తీశాక, కుర్చీలోంచి లేవకుండా, నా మొహం చూడకుండా చెప్పింది. "ఎవురైనా మాటాడితే ఎక్కడయిపోతాదో తెలిసిపోతంది మేడమ్ గారూ. అక్కడ ఊఁ అనేస్తన్నాను. లోపలేటుందో తెలీటం నేదు. పట్టుకుందారనుకునీసరికి తరవాతది వచ్చేస్తంది. కాగితం మీద రాసిస్తే సదూతాను. మాటైతే ఇలగ జారిపోతంది." అరచెయ్యి తెరిచి చూపించింది. "సెలవులిస్తే తగ్గిపోద్దేమో గదా?"

ఆ మాటకి నేనూ "ఊఁ" అన్నాను. నిజం చెప్పొద్దూ, వింటూనే అన్నాను, ఏం చెయ్యాలో తెలియక అన్నాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం, రెండు రౌండ్ల మధ్య ఖాళీలో వాళ్లింటికి వెళ్లాను. హార్బరు వెనక రెండు గదుల ఇల్లు. పైడితల్లి చేపలు తోముతోంది. కూతురు హైమ, పదో తరగతి, వాకిట్లో పుస్తకాలు పరుచుకుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమనలేదు.

"మీరేనా సుభాషిణి మేడమంటే? సూడండాంటీ, మా అమ్మనేటి సేసేరో." తల్లివైపు తిరిగి, మామూలు గొంతుతో, బడి సంగతులు చెప్పే గొంతుతోనే అంది. "అమ్మా, నిన్న లెక్కల టీచరు రాలేదు."

"ఊఁ," అంది పైడితల్లి, చేప తిప్పుతూ.

"మద్దేనం అన్నంలో పురుగొచ్చింది."

"ఊఁ."

"నాను రేపు సముద్రంలో దూకి సచ్చిపోతానే అమ్మా."

"ఊఁ," అంది పైడితల్లి. సరిగ్గా ఎక్కడ అనాలో అక్కడ, మెత్తగా, ప్రేమగా. మా ఇద్దరి మొహాలూ చూసి, ఏదో జరిగిందని తెలిసి, చేప వదిలేసి, "ఏటన్నావే? ఏటన్నాదండీ ఇది?" అని మమ్మల్ని మార్చి మార్చి అడిగింది. హైమ వంగి పుస్తకాలు సర్దుకోసాగింది. చెప్పి ఏం లాభం?

ఇంటికి వెళ్లి ఆ సాయంత్రమే కూర్చుని రాశాను. పరీక్ష ఎలా పాసయిందో, నా పరికరం ఏం చేసిందో, నాకు ఎప్పుడు తెలిసిందో, ఎనిమిది వారాలుగా వార్డు ఎవరి నోటిమీద నడుస్తోందో, అన్నీ. నాలుగు పేజీలు. కింద సంతకం పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చిన ఆఫీసుకీ, ఆసుపత్రికీ, పట్నాయక్ గారికీ ఒకేసారి పంపించాను. ఆయన ఫోను చేశాడు. "ఒక్క మాట చెప్పి చెయ్యకూడదటమ్మా?" అన్నాడు, అంతే. ఆయనను నేను తిట్టలేను, తిట్టే మొహం నాది కాదు.

సర్టిఫికెట్ రద్దయింది. వారంలో మా మెదడు ఊడదీశారు. పాత యంత్రాలు వెతికి తెచ్చి పద్నాలుగు మంచాలు నడిపారు. పదిమందిని వేరే ఊళ్లకి తరలించారు. అందులో ఒకాయన అంబులెన్సులోనే పోయాడు. ఎనభై ఏళ్లవాడు, ఎలాగూ పోయేవాడే అన్నారు. ఆ ఎలాగూ అన్నమాట ఎవరికి తెలిసి అంటారో నాకు అర్థం కాదు. నా ఉద్యోగం పోయింది. పోకపోయినా చేసే ఓపిక లేదు.

పైడితల్లి కుర్చీ దిగి రెండు నెలలైనా తగ్గలేదు. చెవి డాక్టరు అయ్యాడు, నరాల డాక్టరు అయ్యాడు. విశ్రాంతి అన్నారు, కాలం మాన్పుతుందన్నారు. ఇంట్లో పలకమీద రాసి మాట్లాడుకుంటున్నారని తెలిసింది. పలకమీద రాసివ్వడానికైతే నాకూ సులువే. కాగితం మీద తప్పు ఒప్పుకోవడం ఒకసారి చేశాను గదా, చెయ్యి తిరిగిపోయింది. ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి, కనీసం అదైనా చెయ్యాలి అనిపించి, ఒక సాయంత్రం వెళ్లాను.

ఆమె చాపమీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చున్నాను. మొదటినుంచీ చెప్పాను. ఊఁ కోసం నేను పెట్టిన మైకు దగ్గర్నుంచి, మూడోరోజుకే నాకు తెలిసిపోవడం దగ్గర్నుంచి, పేపరు రాద్దామనుకున్న పూట దాకా. ఇరవై నిమిషాలు చెప్పాను. నా ప్రతి వాక్యానికీ ఆమె ఊఁ అంది. ఏడుపు వచ్చి ఆగినచోట ఆగింది, మళ్లీ అందుకున్నచోట అందుకుంది. అంత బాగా నా మాట ఎవరూ ఎప్పుడూ విన్నట్టు లేదు.

"నన్ను క్షమిస్తావా పైడితల్లీ?" అన్నాను.

"ఊఁ," అంది.

సిగ్గులేని ప్రాణం, తేలిక పడింది. కళ్లు తుడుచుకుని లేచాను. గుమ్మంలో హైమ నిలబడి ఉంది.

"అమ్మకేటి సెప్పేరాంటీ?"

"ఏం లేదమ్మా."

"ఏటీ నేకపోతే ఏడుస్తారేటి? అమ్మకి ఒక్క ముక్కా తెలిసుండదు. నాకు సెప్పండి."

గుమ్మం మెట్టుమీద కూర్చుని మళ్లీ చెప్పాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా ఊఁ అనలేదు. తల ఊపలేదు. రెప్ప కూడా వేసినట్టు లేదు. నేను ఎక్కడ ఆగితే అక్కడ నిశ్శబ్దం, ఎంత చెప్పినా సగమే చెప్పినట్టుంది. ఇందాక లోపల పావుభాగం కూడా చెప్పలేదని అప్పుడు తెలిసింది. దాచిందంతా చెప్పాను. మధ్యలో ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ వాక్యం దిద్దడానికి ఎంతసేపు పడతాదన్నారు?"

"ఒక్క పూట."

చెప్పడం అయ్యాక లేచాను. గేటు దాకా వచ్చింది. "రేపొచ్చి అమ్మకి మళ్లీ సెప్పండి."

"ఆమెకి అర్థం కాదు కదమ్మా."

"అర్దమయ్యీదాకా సెప్పండి. మీ పనప్పుడు అమ్మ రోజూ వచ్చింది, ఆదివారం కూడా," అని గేటు వేసేసింది.

వెళ్తున్నాను. రోజూ సాయంత్రం, ఆదివారం కూడా. మొదటి వారం కన్నీళ్లతో చెప్పాను. రెండో వారానికి కన్నీళ్లు అయిపోయాయి, అరిగిపోయిన పాఠంలా చెప్పాను. మూడో వారంలో నా గొంతు నాకే విసుగొచ్చింది. అదే మైకు, అదే మూడోరోజు, అదే సంతకం. ఆమె చేతిలో ఒక రోజు చింతపండు, ఒక రోజు బియ్యం, ఒక రోజు హైమ లంగాకి ఊడిన కుట్టు. ఊఁ, ఊఁ, ఊఁ. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. వాకిట్లో హైమ పుస్తకం తెరిచి కూర్చుని ఉంటుంది, పేజీ తిప్పదు.

నిన్న ఇరవై మూడోసారి. ఎండు మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. నేను గోడవైపు చూస్తూ, ఎప్పటిలాగే చదివేస్తున్నాను. తప్పు ఎక్కడుందో మూడోరోజు మధ్యాహ్నానికే నాకు తెలిసిపోయింది పైడితల్లీ, అయినా నీకు చెప్పలేదు, అన్నాను. అని, అలవాటుగా ఊఁ కోసం ఆగాను.

రాలేదు.

తిరిగి చూస్తే, ఆమె చేతిలో మిరపకాయ అలాగే ఉంది. నుదురు ముడుచుకుని నావైపే చూస్తోంది, చీకట్లో మెట్టు వెతుక్కుంటున్న మనిషిలా. వాకిట్లో హైమ లేచి నిలబడిన చప్పుడైంది.

"మూడోరోజుకేనా?" అంది పైడితల్లి.

తల ఊపాను.

"తెలిసీ నన్ను కూకోబెట్టేరా మేడమ్ గారూ?"

"కూర్చోబెట్టాను."

ఆమె చేట పక్కకి నెట్టింది. చేతులు చీరకొంగుకి తుడుచుకుని, మోకాళ్లు ముడుచుకుని, నాకు ఎదురుగా సర్దుకుని కూర్చుంది.

"మొదట్నుంచీ సెప్పండి," అంది. "బేగి సెప్పకండి, మెల్లగా."